నడికట్టు సీసాలు

వాన 23వ రోజు

లాబ్ రిజిస్టరులో ఉష్ణోగ్రతలు, సంతకాలు తప్ప ఇంకేమీ రాయకూడదని సన్యాసిరావు మాస్టారి ఆజ్ఞ. "అది శాస్త్రానికమ్మా గౌరీశ్వరీ, నీ ఏడుపుకి కాదు" అంటారు. అందుకని నా ఏడుపుకి ఈ పుస్తకం విడిగా కుట్టుకున్నాను.

ఇరవై మూడు రోజులుగా సూర్యుడి మొహం చూడలేదు. మేడ మీద సోలారు పలకలకి నాచు పట్టింది. పొద్దున్న ఒక గంట కరెంటు వస్తే అది మైక్రోస్కోపుకే సరి. ఇంక్యుబేటర్లు రెండూ బట్టలు ఆరేసుకునే బీరువాలయ్యాయి. కణాలకి మాత్రం వానొచ్చినా వరదొచ్చినా ముప్పై ఏడు డిగ్రీల వేడి కావాలి. అందుకని ఏటా చేసే పనే ఈ ఏడూ చేస్తున్నాం. మనుషులమే పొదుగుతున్నాం.

పాత చీరని నాలుగు మడతలు వేసి, మధ్యలో జేబులు కుట్టి, అరచేతిలో పట్టే సీసాలు నాలుగు పెట్టి పొట్టకి బిగించి కట్టుకుంటాం. అదే నడికట్టు. అది ఉన్నంతసేపూ పరుగెత్తకూడదు, బోర్లా పడుకోకూడదు, గట్టిగా నవ్వకూడదు. మా రీసెర్చి స్కాలరు ఢిల్లేశ్వరరావు (మాకు ఢిల్లీ) మొన్న తుమ్మాడు. ఒక సీసా జారి గచ్చు మీద పడి ముక్కలైంది.

"తుమ్మేముందు కట్టు పట్టుకోవచ్చుగా!" అని అరిచాను.

"తుమ్ముకే ముందు తెలీదు కదండీ మేడం" అన్నాడు. వాణ్ణి ఏం చెయ్యాలో నాకర్థం కాదు.

ప్రతి ఉదయం ఆరింటికి కట్లు విప్పి చూసుకుంటాం. అప్పుడే అందరం వరుసగా కూర్చుని నోట్లో థర్మామీటరు పెట్టుకుంటాం. ముప్పై ఏడున్నర దాటినవాళ్లు ఆ రోజు కట్టు కట్టకూడదు. వారం రోజులు కట్టలేనివాళ్లు కొండ మీది గది వదిలి కింద శిబిరానికి దిగిపోవాలి. కింద ఇప్పుడు మోకాలి లోతు నీళ్లు.

మా అటెండరు నూకరత్నానికి యాభై దాటాయి. నాలుగు వానాకాలాల్లో ఒక్క సీసా పగలగొట్టలేదు. నెత్తి మీద నిండు బిందె ఉన్నట్టు నడుస్తుంది. అందుకే మందు వేసిన సీసాలు ఎప్పుడూ ఆవిడకే. మందు వెయ్యనివి, పోల్చి చూసుకోడానికి ఉంచేవి, నాకూ ఢిల్లీకీ. ఈ పద్ధతి పెట్టింది నేనే. ఒక చెంచాడు మందు తియ్యడానికి నెల పడుతుంది. దాన్ని తీసుకెళ్లి ఢిల్లీ పొట్ట మీద పెడతానా?

ఇది మా పదహారో మందు. మొదటి పదిహేను పేర్లూ "మన లాబ్ సాధించినవి" అని గోడకి కట్టిన బోర్డు మీద ఉన్నాయి, అడ్డంగా గీతలు కొట్టించుకుని. సీసాల్లో ఉన్నవి నా చెల్లెలు హైమ అండాశయంలోని గడ్డ నుంచి తీసి పెంచిన కణాలు. హైమకి ఇరవై తొమ్మిదేళ్లు. పడవ బడిలో పంతులమ్మగా పనిచేసేది. ఇప్పుడు మా వార్డులో ఏడో మంచం.

అరవయ్యో రోజున పడవ మీద అనుమతి సంఘం వస్తుంది. అప్పటికి అయిదు మంచి బ్యాచ్‌లు చూపిస్తే పదహారుని మనిషికి ఎక్కించనిస్తారు. మొదటి రెండూ బ్రహ్మాండంగా వచ్చాయి. మూడోది తేలిపోయింది. "మందు చెడింది" అని రాసి కొట్టేశాను.

వాన 27వ రోజు

నాలుగో బ్యాచ్ విప్పాం. రత్నం సీసాల్లో నూటికి తొంభై ఒక్క కణాలు చచ్చాయి. నా సీసాల్లో, ఢిల్లీ సీసాల్లో మందులేనివి నిక్షేపంగా ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. ఢిల్లీ ఎగరబోయి, పొట్టకి కట్టున్న సంగతి గుర్తొచ్చి, చేతులు మాత్రం ఎగరేశాడు.

"పోనాయా?" అంది రత్నం. "పీడా పోయింది. అయినా నాలుగు దినాలు కడుపుకి కట్టుకు మోసినాను గదమ్మా, ఏటోలాగుంది."

వార్డుకి వెళ్లి హైమకి చెప్పాను. "తొంభై ఒకటా? నా పిల్లల్లో లెక్కల్లో ఎవరికీ అన్ని మార్కులు రాలేదక్కా" అంది. చెయ్యి పట్టుకుంటే ఎముకలే తగిలాయి.

ఇప్పుడు హైమకి ఎక్కిస్తున్న పాత మందు గడ్డని కరిగించడం లేదు. పెరగకుండా పట్టి ఉంచుతోంది, అదీ నెలనెలకీ పట్టు జారుతూ. పదహారు మొదలుపెట్టాలంటే పాతది పూర్తిగా ఆపాలి. రెండూ కలిస్తే గుండె తట్టుకోదు. అంటే పదహారు పనిచెయ్యకపోతే హైమకి ఇంక ఏదీ లేదు. ఈ మాట ఎవరికీ పైకి చెప్పను గానీ రోజుకి నూరుసార్లు నాకు నేనే చెప్పుకుంటున్నాను.

వాన 36వ రోజు

అయిదో బ్యాచ్ బతికే ఉంది. బతకడమా! కాపురాలు పెట్టి పిల్లల్ని కన్నాయి.

ఒళ్లు మండిపోయింది. మందు కలిపింది నువ్వే కదా అని ఢిల్లీని పట్టుకుని కడిగేశాను. పాపం వాడు కొలత చీటీ తెచ్చి చూపించాడు. కొలత సరిగ్గానే ఉంది. అయినా రిజిస్టరులో మళ్లీ "మందు చెడింది" అని రాసి కొట్టేశాను.

మాస్టారు చూశారు. "మూడోదీ ఇలాగే అయింది కదమ్మా?"

"అదీ మందు చెడడమేనండి."

"రెండుసార్లు చెడిందా?"

"వానలు కదండీ. చెమ్మ."

ఆయన కళ్లద్దాలు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని కింద సంతకం చేశారు. డెబ్భై రెండేళ్ల మనిషి. నేను చదువుకున్నదంతా ఆయన దగ్గరే. నన్ను నమ్మి సంతకం చేశారని తెలుసు. తెలిసీ కిక్కురుమనలేదు.

వాన 44వ రోజు

ఆరో బ్యాచ్. తొంభై మూడు!

రిజిస్ట్రారు గారు తడిసి ముద్దై వచ్చి, సంఘం ముందే మాకు సన్మానం పెట్టిస్తానని, శాలువా కూడా సిద్ధం చేశానని చెప్పిపోయారు. ఇంకొక్క మంచి బ్యాచ్ చాలు.

"అక్కా, పదహారు ఎక్కించాక జుట్టు మళ్లీ వస్తుందా?" అని అడిగింది హైమ.

"వస్తుందే."

"ఉంగరాల జుట్టొస్తే బాగుణ్ణు. కాస్త ఆ సంగతి కూడా మందులో కలపరాదూ?"

నవ్వాను. కట్టు పట్టుకుని, గట్టిగా కాకుండా.

వాన 45వ రోజు

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సాయంత్రం నాలుగింటికి, సామాన్ల గదిలో రత్నం గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చుంది. సంఘానికి చూపించాలని మిగిలిన పాత సీసాలే ఆవిడ నడికట్టులో ఇంకా ఉన్నాయి. మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో చూద్దామని జేబులో చెయ్యి పెట్టాను. సీసా వేడిగా ఉంది. గోరువెచ్చన కాదు, వేడి.

నుదురు పట్టుకు చూసి థర్మామీటరు తెచ్చాను. ముప్పై తొమ్మిది పాయింటు ఆరు. ఇంట్లో వాడే ఫారెన్‌హీట్ లెక్కలో నూట మూడు దాటింది.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

ఆవిడ నా కాళ్లు పట్టేసుకుంది. "సెప్పకమ్మా. నీకు దండమెడతాను. సాయంత్రమైతే ఒళ్లు కాత్తాది, తెల్లారేతలికి దిగిపోతాది. ఆరింటికి నోట్లో పెట్టినప్పుడు బాగానే ఉంటాది. నానబద్దం ఆడనేదు. ఎవులూ సాయంత్రం అడగనేదు."

నిజమే. నాలుగేళ్లుగా మేం పొద్దున్న ఆరింటికే కొలుస్తున్నాం. సాయంత్రం కొలవాలని ఒక్క డాక్టరేటుకీ తోచలేదు.

"రోజూ వస్తుందా అత్తా?"

"నేదు. వాన పట్టినప్పుడు పదిదినాలు కాసింది. మల్లీ పోయింది. మల్లీ వారం కాసింది, పోయింది. ఇప్పుడు మల్లీ అయిదారు దినాలయింది."

నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. జ్వరం కాసినప్పుడు ఒకటి, రెండు, నాలుగు, ఆరు. జ్వరం లేనప్పుడు మూడు, అయిదు. నేను "మందు చెడింది" అని కొట్టేసినవి ఆ మూడూ అయిదే. మందు చెడలేదు. ఆవిడ ఒళ్లు చల్లగా ఉంది, అంతే.

మా పదహారు ముప్పై ఏడు డిగ్రీల దగ్గర ఒక్క కణాన్ని కూడా చంపలేదు. మందు సీసాలన్నీ ఒక్క మనిషికే కట్టాను కదా, ఆ మనిషి జ్వరాన్ని నా మందు గొప్పతనం అనుకున్నాను.

అప్పుడు చూశాను ఆవిడ మెడ. పమిట కింద ఎడమ వైపున ఉసిరికాయలంత బిళ్లలు మూడు. నొక్కితే నొప్పి లేదంది. వచ్చి పోయే జ్వరం, నొప్పిలేని బిళ్లలు, ఈ మధ్య నాకు కనబడకుండానే సగమైన ఆ ఒళ్లు. పన్నెండేళ్లుగా కాన్సరు లాబ్‌లో ఉన్నాను, ఇది లింఫోమా, బిళ్లల కాన్సరు, అని పోల్చుకోడానికి నాకు వార్డు అక్కర్లేదు.

ఈ రెండిట్లో నా మనసుకి ముందు ఏది తట్టిందో కూడా రాయాలి. పదహారు. హైమ. ఆ తర్వాతే రత్నం.

వాన 46వ రోజు

ఏడో బ్యాచ్ కట్టే రోజు. ఉదయం ఆరింటికి రత్నం థర్మామీటరులో ముప్పై ఆరు పాయింటు తొమ్మిది వచ్చింది. ఢిల్లీ రాసుకున్నాడు. ఆవిడ నా వైపు చూసింది.

రాత్రంతా ఆలోచించాను. ఇప్పుడు నిజం చెబితే పదహారు అక్కడితో సరి. సంఘం మళ్లీ వచ్చేది పై వానాకాలానికి. హైమకి అంత టైము లేదు. ముందు అనుమతి రానీ, హైమకి ఎలాగోలా వేడి పుట్టించే సంగతి తర్వాత చూసుకుందాం. రత్నాన్ని పద్నాలుగు రోజులాగి వార్డులో చేర్పిద్దాం. పద్నాలుగు రోజుల్లో ఏమైపోతుంది? ఇలాగే అనుకున్నాను, అక్షరం కూడా మార్చడం లేదు.

నేనే కట్టాను. నాలుగు మందు సీసాలు, నా చేతులతో, జ్వరం మనిషి పొట్టకి, జ్వరం ఉందని తెలిసే.

"సెప్పవు గదా?" అంది.

"చెప్పనత్తా."

"నీ కడుపు సల్లగుండ" అంది. ఛీ, నా బతుకు.

వాన 49వ రోజు

మధ్యాహ్నం మెట్ల మీద రత్నం పడిపోయింది. ముందుకి పడబోయి, కావాలని తిరిగి వెనక్కి పడిందని చూసినవాళ్లు చెప్పారు. తల వెనక ఆరు కుట్లు పడ్డాయి. సీసాలు నాలుగూ క్షేమం.

వార్డు వాళ్లు కట్టు విప్పి నా చేతికిచ్చారు. మైక్రోస్కోపు కింద పెట్టాను. తొంభై ఆరు. ఈ లాబ్ పుట్టినప్పటి నుంచీ ఎవరూ చూడని అంకె.

ఢిల్లీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సంతోషంతో, వాడికేం తెలుసు. నేను బల్ల కింద కూర్చుని ఏడ్చాను.

వాన 50వ రోజు

మాస్టారికి చెప్పేశాను. కొట్టేసిన రెండు బ్యాచ్‌లు, సాయంత్రం జ్వరం, నలభై ఆరో రోజు ఉదయం, అన్నీ.

ఆయన రిజిస్టరు తెచ్చుకుని కొట్టేసిన ఆ రెండు పేజీలూ తిప్పి చూశారు. తిట్టినా బాగుండేది.

"జ్వరం అని తెలిశాక కట్టావా, తెలీక కట్టావా?"

"తెలిశాకేనండి."

"నా సంతకం కూడా ఉంది దాని మీద" అన్నారు. లేచి కిటికీ దాకా వెళ్లారు, వచ్చారు. "సరే. చంపింది జ్వరమా, మందూ జ్వరమూ కలిసా?"

"తెలీదండి."

"తెలీకుండానే చెల్లెలికి ఎక్కించేద్దామనుకున్నావు. పో, కుంపట్లు పట్రా."

మనుషులు లేకుండా వేడి పుట్టించాలంటే బొగ్గే గతి. మెస్సు నుంచి రెండు కుంపట్లు, రెండు ఇత్తడి గుండిగలు తెచ్చాం. ఒకదాంట్లో నీళ్లు ముప్పై ఏడు దగ్గర, రెండోదాంట్లో ముప్పై తొమ్మిదిన్నర దగ్గర నిలబెట్టాలి. రెండిట్లోనూ మందు వేసిన సీసాలు, వెయ్యనివీ ముంచాలి. అయిదు రోజులు. ముగ్గురం వంతులు వేసుకుని విసురుతూ, చల్లనీళ్లు కలుపుతూ, థర్మామీటరు చూస్తూ కూర్చోవాలి. ఇంత తేలికైన పరీక్ష మొదట్లోనే ఎందుకు చెయ్యలేదని ఢిల్లీ అడిగాడు. పొగకి కళ్లు మండుతున్నాయని బయటికొచ్చేశాను.

వార్డు నుంచి కబురు. రత్నం మెడ బిళ్ల కోసి చూశారు. లింఫోమాయే.

వాన 56వ రోజు

కుంపటి లెక్క. వేడి లేకుండా మందు ఒక్కటే: ఏమీ లేదు. మందు లేకుండా వేడి ఒక్కటే: ఏమీ లేదు. రెండూ కలిస్తే తొంభై నాలుగు.

అంటే పదహారు దొంగది కాదు. జ్వరం ఉన్న ఒంట్లోనే పనిచేస్తుంది. మా వార్డులో ఒళ్లు వెచ్చబడగానే చేసే మొదటి పని జ్వరం మాత్ర వెయ్యడం.

మాస్టారు కుర్చీలో కూలబడి నవ్వారు. ఆయన నవ్వడం చూసి నాకు భయమేసింది. "పదిహేను మందులమ్మా" అన్నారు బోర్డు వైపు చూస్తూ. "ఎన్నిటిని చల్లగా ఉంచి చంపేశామో."

వాన 60వ రోజు

సంఘం వచ్చింది. ముగ్గురు, లైఫ్ జాకెట్లతోనే కూర్చున్నారు. రిజిస్ట్రారు గారు శాలువా పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డారు.

నేను లేచి అంతా చెప్పాను. మాస్టారు నా తరఫున మాట్లాడతానన్నారు, వద్దన్నాను. 

అధ్యక్షురాలు మధ్యలో ఒక్కటే అడిగింది. "ఆ అటెండరు పేరేమిటి?"

"నూకరత్నం."

"మీ రిపోర్టులో ఎక్కడా లేదే."

లేదు. అందులో "వాహకం ఒకటి" అని రాశాను.

పదహారుకి అనుమతి ఇవ్వలేదు. రోగి తనంతట తాను ఒప్పుకుని సంతకం చేస్తే, వేడితో కలిపి, ఒక్క మనిషి మీద, మాస్టారి పర్యవేక్షణలో చూడొచ్చన్నారు. నేను మాత్రం ఏడాదిపాటు రిజిస్టరు ముట్టుకోకూడదు. తక్కువే వేశారు. రిజిస్ట్రారు గారికి శాలువా ఎక్కడ పెట్టాలో తెలీక, దాంతోనే పడవ దాకా వెళ్లారు.

సంఘం వెళ్లిపోతుంటే వెంటపడి అడిగాను, రత్నానికి పాత మందు పంపగలరా అని. ఆ మందు లింఫోమాని వెన్నలా కరిగిస్తుంది. వానలు తగ్గి పెద్ద పడవలు నడిస్తే గానీ రాదన్నారు. అంటే మూడు నెలలు. వార్డు చల్లపెట్టెలో ఆరు డోసులు మాత్రం ఉన్నాయి. ఆరూ హైమ పేరు మీదే.

వాన 61వ రోజు

హైమకి చెప్పాను. మంచం పక్క స్టూలు మీద కూర్చుని, తల ఎత్తకుండా. పాత మందు మీదే ఉండమనీ, ఆరు డోసులతో వానలు దాటించొచ్చనీ, తర్వాత ఏదో ఒకటి చూద్దామనీ అన్నాను.

ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడుస్తోందనుకున్నాను. కాసేపటికి, "ఆవిడ ఏ మంచం?" అంది.

"పదకొండు."

"ఆరు డోసులతో ఆవిడకి నయమవుతుందా?"

"అవ్వొచ్చు."

"నాకు?"

నేను దుప్పటి అంచు సర్దాను.

సాయంత్రం నర్సు చీటీ తెచ్చి చూపించింది. ఆరు డోసులూ పదకొండో మంచానికి మార్చమని, పదహారు తనకి వేడితో ఎక్కించమని హైమ సంతకం. పరుగెత్తాను. ఇప్పుడు నాకు నడికట్టు లేదుగా.

"ఎవర్నడిగి ఇచ్చావే? పిచ్చెక్కిందా నీకు? అవి నీ ప్రాణాలే!"

వార్డంతా మా వైపు తిరిగింది. హైమ మాత్రం గొంతు పెంచలేదు.

"నువ్వెవర్నడిగి ఆవిడకి సీసాలు కట్టావక్కా?"

"నీకోసమే కదా..."

"నాకోసమని నేనడిగానా? నా పేరు చెప్పి ఇంకో మనిషిని పొయ్యి చేశావు. ఇప్పుడు ఆవిడ పక్కన పడుకుని ఆ ఆరూ నేను ఎక్కించుకోనా? నా వల్ల కాదు."

వాన 63వ రోజు

రత్నానికి మొదటి డోసు ఎక్కించారు. నేను వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను. నలభై ఆరో రోజున నాకు తెలుసనీ, తెలిసే కట్టాననీ, జబ్బు ఏమిటో కూడా ఆ రోజే పోల్చాననీ చెప్పాను. ఇన్నాళ్లూ ఆవిడ నన్ను దేవతలా చూసింది, గుట్టు దాచినందుకు.

ఆవిడ తల కుట్లు తడుముకుంది.

"నీ సెల్లి కోసం సేసినావు" అంది. "అలగే సేత్తారు. నాకూ ఒక అక్కుంటే, నాకోసం అదీ అలగే సేసును. నాకెవులూ నేరు గదమ్మా, అదీ ఇసయం."

క్షమించమన్నాను.

"ఎల్లిక" అంది. కోపంగా కాదు. నీళ్ల గ్లాసు తీసి పక్కన పెట్టినంత మామూలుగా.

వాన 70వ రోజు

హైమకి మొదటి వేడి. వార్డు వెనక చాకిరేవు గదిలో చెక్క పలకలతో మనిషి పట్టే పెట్టె చేశాం. తల మాత్రం బయటికి. కింద కాల్చిన ఇటుకలు, వాటి మీద తడి గోనెలు. ఒంటి వేడి ముప్పై తొమ్మిదిన్నరకి చేరాక పదహారు ఎక్కించి, అక్కణ్ణుంచి అరవై నిమిషాలు నిలపాలి. ఆ తర్వాత నిమిషాల మీద చేసిన కుంపటి లెక్కల ప్రకారం నలభై నిమిషాల దగ్గర ఆపితే సగం కణాలు బతికిపోతాయి. ఒంటి వేడి నలభై ఒక్క డిగ్రీలు దాటితే మనిషే దక్కదు. చెయ్యి మాస్టారిది, థర్మామీటరు నాది. రిజిస్టరు ఢిల్లీ రాస్తున్నాడు.

అరవై నిమిషాలూ ఉంది. తీశాక గంటసేపు మాట్లాడలేకపోయింది.

వాన 84వ రోజు

ఇది నాలుగో వేడి. పెట్టె పక్కన కూర్చుని రాస్తున్నాను, చేతులకి పని లేకపోతే పిచ్చెక్కుతుంది.

మూడు వేడులయ్యాక నిన్న గడ్డ కొలిచారు. రెండు మిల్లీమీటర్లు తగ్గిందన్నారు. అది నిజమో, కొలిచినవాళ్ల చెయ్యి వణుకో తెలీదు. హైమ గుండె మాత్రం ప్రతిసారీ ఇంకాస్త తడబడుతోంది. ఇంకో రెండు మించి తట్టుకోదని మాస్టారు చెప్పారు. అంటే మిగిలిన ఒక్కొక్క నిమిషమూ కావాలి.

రత్నానికి మూడు డోసులు పడ్డాయి. సాయంత్రాలు జ్వరం రావడం లేదు. లేచి తిరుగుతోంది, ఇటుకలు కాల్చేది ఆవిడే. హైమతో కబుర్లాడుతుంది. నాతో పని మాటలే.

నలభై నిమిషాలైంది. ఇందాకే హైమ కళ్లు తెరిచింది.

"అక్కా, నా వల్ల కావట్లేదు. తీసెయ్."

థర్మామీటరు చూశాను. సరిగ్గా ముప్పై తొమ్మిదిన్నర. ఎర్రగా కందిన మొహం, పెదవుల మీద పగుళ్లు, మెడ దగ్గర నరం పిట్టలా కొట్టుకుంటోంది. మాస్టారు నాడి పట్టుకుని నా వైపు చూశారు. నిర్ణయం రోగిదే, ఆపమంటే ఆపాలి. అది సంఘం పెట్టిన షరతు.

"ఇంకెంతసేపు?" అంది.

అయిదు నిమిషాలే అని నోటిదాకా వచ్చింది. అంటే ఉంటుంది. అయిదయ్యాక ఇంకో అయిదని చెప్పొచ్చు. ఆ తర్వాత ఇంకో అయిదు. స్పృహ సరిగ్గా లేదు, ఎలా తెలుస్తుంది? దాని ప్రాణం కోసమే కదా. రత్నం ఇటుక పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది, నేనేం చెబుతానో అని.

"ఇరవై నిమిషాలుందే" అన్నాను. "ఇరవై. ఆపమంటే ఇప్పుడే ఆపేస్తాను."

హైమ నా కళ్లలోకి చాలాసేపు చూసింది. నేను అబద్ధమాడుతున్నానో లేదో వెతుక్కుంటోందని తెలుస్తూనే ఉంది. నేను కళ్లు దించలేదు. ఈ వానాకాలంలో దానికి నేను చూపించగలిగినది ఇదొక్కటే.

"ఇరవైయా" అంది. పెదవులు తడుపుకుంది. ఏడ్చింది కాసేపు, కన్నీళ్లు తుడవబోతే వద్దని తలూపింది. "సరే. ఉంటాను."

రత్నం వచ్చి ఇటుక లోపల పెట్టి వెళ్లింది. ముప్పై తొమ్మిది పాయింటు అయిదు. హైమ పైకి అంకెలు లెక్కపెట్టుకుంటోంది, బళ్లో పిల్లలకి చెప్పినట్టు. ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది.